మేనమామ దిద్దులు

మా అక్క కూతురికి చెవులు కుట్టించడం అప్పటికే రెండేళ్ళు ఆలస్యమైంది. మూడో ఏట కుట్టించాల్సింది. సరిగ్గా ముహూర్తం చూసుకునే సమయానికి బావగారి తండ్రి పోయారు, ఏడాదిపాటు ఇంట్లో శుభకార్యం లేదన్నారు. నాలుగో ఏడు సరిసంఖ్య, పనికిరాదన్నారు. అలా ఐదో ఏడు వచ్చింది. ఈలోపు రేపల్లెలో వాళ్ళ వీధి మొత్తానికి బోసి చెవులతో తిరిగే ఆడపిల్ల అదొక్కతే మిగిలింది. ఎవరైనా అడిగితే "మా మావయ్య కుట్టిస్తాడు" అని గొప్పగా చెప్పేదట. ఆ మావయ్యని నేను.

మా ఇళ్ళల్లో చెవులు కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. చెవికి మొట్టమొదట పడే బంగారం మేనమామే పెట్టాలి. తల్లిదండ్రులకి ఎంత ఉన్నా సరే, ఆ ఒక్క రోజు అది మేనమామ హక్కు. మా అమ్మా నాన్నా అప్పటికే లేరు. అక్కకి పుట్టిల్లు అంటే నేనొక్కణ్ణే. బాపట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకుంటూ, ఒక గదిలో అద్దెకుంటూ, హోటల్లో తింటూ ఉండేవాణ్ణి. అదీ ఆ పుట్టింటి వైభవం.

బావగారికి రేపల్లెలో ఎరువుల కొట్టు. మనిషి మంచివాడే కానీ నోరు తెరిస్తే ముందు వెటకారం వచ్చేది. నన్ను పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు, "ఏమోయ్ లెక్చరర్ గారూ" అనేవారు. ఆ సంవత్సరం మే నెలలో ఫోన్ చేసి, "చెవులు కుట్టించేస్తున్నాం. దిద్దులు మేం చేయించేస్తాంలే, నువ్వు ఊరికే వచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకో చాలు" అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మేనమామ బతికుండగా మీరెందుకు చేయిస్తారండీ?" అన్నాను.

అటునుంచి "సరేనయ్యా, నీ ఇష్టం" అని పెట్టేశారు. దిద్దులు తాము చేయిస్తామని ఆయన ఎందుకన్నారో నాకు అర్థం కావడానికి ఇంకా పదిరోజులు పట్టింది. నాకు అప్పటి వయసులో ఎవరు ఏ మాటన్నా అందులో చులకన మాత్రమే ముందు వినపడేది.

బాపట్లలో పొద్దున్నే రైలెక్కి తెనాలిలో దిగాను. రేపల్లె పాసింజర్‌కి ఇంకా రెండు గంటలకి పైగా టైముంది. ఆ రెండు గంటల్లో దిద్దులు కొనాలన్నది నా ఏర్పాటు. బజార్లో ఒక బంగారం కొట్టుకెళ్ళి నా దగ్గరున్నది చెప్పి, దానికి ఏమొస్తుందో చూపించమన్నాను. పెద్దాయన చాలా మర్యాదగా, గులాబీరంగు కాగితం విప్పి, రెండు సన్న పోగులు చూపించాడు. అసలు బంగారమే, పసిపిల్లల చెవులకి ఇవే మంచివండీ అన్నాడు. నా చిటికెన వేలి గోటి మీద పెట్టుకుని చూశాను. గోరు కూడా కప్పలేదు.

నా కళ్ళ ముందు బావగారి ఇల్లు, ఆ హాలు, చాప మీద కూర్చున్న వాళ్ళ చుట్టాలు కనిపించారు. బావగారి చెల్లెలి కూతురికి చెవులు కుట్టిన రోజున బావగారు పెట్టిన పువ్వు దిద్దులు కనిపించాయి. ఎర్ర రాళ్ళవి, చెవి తమ్మె మొత్తం నిండేవి. వాటి పక్కన ఈ పోగులు ఎవరికైనా ఆనుతాయా? పది నిమిషాలు చూసి, మళ్ళీ వస్తానండీ అని బయటికొచ్చేశాను.

అప్పుడే ఊరూరా ఒన్ గ్రామ్ గోల్డ్ షాపులు పుట్టుకొస్తున్నాయి. రాగి మీదో ఇత్తడి మీదో బంగారం నీళ్ళు పూసి అసలు దానికంటే ఎక్కువ మెరిపించేవాళ్ళు. ఆ వీధిలోనే ఒకటి కనబడింది. అద్దాల్లో లైట్లు, ఆ లైట్ల కింద అచ్చం నేను అనుకున్నటువంటి పువ్వు దిద్దులు, ఎర్ర రాళ్ళతో సహా.

"చిన్నపిల్లలకి పెట్టొచ్చాండీ?" అని అడిగాను.

"భేషుగ్గా పెట్టొచ్చండి. ఆరునెలలు గ్యారంటీ. స్నానం చేసినా రంగు పోదండి."

ఇప్పుడే కుట్టబోయే చెవులకని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. సంక్రాంతి లోపల కాలేజీ వాళ్ళు బోనస్ ఏదో ఇస్తారు, అప్పుడు అచ్చం ఇలాంటివే బంగారంలో చేయించి, చప్పుడు కాకుండా మార్చేస్తే సరిపోతుంది అనుకున్నాను. మిగిలిన డబ్బుతో పిల్లకి పట్టు గౌను, యాపిల్ పళ్ళు, స్వీట్లు తీసుకున్నాను. రెండు చేతులా సంచులతో రేపల్లె స్టేషన్లో దిగేసరికి నాకే నేను ఘనమైన మేనమామలా కనిపించాను.

మర్నాడు పొద్దున కంసాలి ఆచారి గారొచ్చారు. అరవై దాటిన మనిషి. ఆ వీధిలో సగం చెవులు ఆయన చేత్తో కుట్టినవే. చాప మీద ఆయన చిన్న మూట విప్పుకున్నారు, సూది, దారం, కొబ్బరినూనె గిన్నె. నేను పీట మీద కూర్చుని పిల్లని ఒళ్ళో పెట్టుకున్నాను. నోట్లో పటికబెల్లం ముక్క పెట్టారు. కుంకుమతో రెండు తమ్మెల మీదా చుక్కలు పెట్టి, అక్కని చూసుకోమన్నారు. అక్క అటూ ఇటూ తిరిగి చూసి, కుడివైపు కాస్త కిందకండీ అంది.

నేను ఎర్ర వెల్వెట్ డబ్బా తీసి ఇచ్చాను. హాల్లో ఉన్న ఆడవాళ్ళందరూ మెడలు చాపి చూశారు. "అబ్బో, మేనమామ ఘనంగానే పెట్టాడే" అని ఎవరో అన్నారు కూడా. ఆ మాట కోసమే నేను ఆ దిద్దులు కొన్నానని అప్పుడు నాకు తెలిసింది.

ఆచారి గారు ఒక దిద్దు చేతిలోకి తీసుకుని కాడని బొటనవేలితో మెల్లగా రుద్దారు. వెనక్కి తిప్పి చూశారు. తలెత్తి నన్ను చూశారు.

"బాబూ," అన్నారు, "కాడ కాస్త లావుగా ఉంది. నా దగ్గర సన్నటి బంగారపు తీగె ఉంది. ముందు అది చుట్టేస్తాను. నెలరోజుల్లో పుండు మానాక ఇవి పెట్టుకుందురుగాని. ఏమంటారు?"

ఆయన నాకు దారి చూపించారు. ఎవరికీ తెలియకుండా, నా పరువు నాకే ఉంచి, తలుపు తీసి పట్టుకున్నారు. బావగారు కూడా "అలాగే చెయ్యండి, దాందేముంది" అన్నారు. నేను ఊ అంటే అయిపోయేది. కానీ తప్పు చేసినవాడికి ప్రతి మాటా అనుమానంగానే వినిపిస్తుంది. తీగె వేస్తే దిద్దులు పక్కన పెడతారు, పక్కన పెడితే ఎవరో ఒకరు చేతిలోకి తీసుకుని చూస్తారు, అనుకున్నాను.

"మొదట మేనమామ పెట్టినవే పడాలి కదండీ," అన్నాను.

అక్క అత్తగారు "అదీ నిజమే" అన్నారు. ఆచారి గారు సూదిని నూనెలో ముంచారు. పిల్ల నా చొక్కా బొత్తం పట్టుకుని గట్టిగా ఏడ్చింది, తర్వాత అద్దం చూసుకుని నవ్వింది.

మూడో రోజుకి చెవులు ఎర్రబడ్డాయి.

కొత్తగా కుట్టిన చెవికి ఆ మాత్రం ఎరుపు మామూలేనన్నారు. కాలేజీ సెలవులు కాబట్టి నేను అక్కడే ఉన్నాను. పిల్ల తన చెవుల మీద ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు, మావయ్యే తుడవాలని పట్టుబట్టింది. అలా ఆ పని నాకు పడింది. పొద్దున, సాయంత్రం రెండుపూటలా నీళ్ళు మరగబెట్టి, ఉప్పు వేసి, గోరువెచ్చన అయ్యేదాకా ఆగి, దూది ముంచి చెవికి ఆనించి పట్టుకోవాలి. పక్కు నానేదాకా ఓపిక పట్టాలి. పీకకూడదు. నానాక అదే జారి వస్తుంది. తర్వాత పొడి దూదితో అద్ది, కొబ్బరినూనెలో పసుపు కాచింది ఒక్క చుక్క వేసి, దిద్దుని అంటుకుపోకుండా కొంచెం తిప్పాలి. ఆ తిప్పేటప్పుడు పిల్ల ఊపిరి బిగబట్టేది, నేను కూడా బిగబట్టేవాణ్ణి.

ఇవి కాక ఇంకెన్నో ఉండేవి. మెడ మీదుగా తొడిగే గౌన్లు చెవులకి తగులుతున్నాయని వాళ్ళ నాన్న చొక్కా వేసి తిప్పాం. అది మోకాళ్ళ కిందకొచ్చేది. జుట్టు పైకెత్తి కొప్పు చుట్టేవాళ్ళం. పడుకుంటే దిండు ఒత్తుకుంటోందని అక్క తువ్వాలుని చుట్టకుదురులా చుట్టి, చెవి ఆ ఖాళీలోకి వచ్చేలా పెట్టేది. ఎక్కడైనా పుండంటే మాని పూడిపోవాలనే చూస్తాం. దీన్ని మాత్రం మాననివ్వాలి, పూడనివ్వకూడదు. ఆ రెంటి మధ్యలో ఎక్కడో పట్టుకుని ఉండటం ఇంత కష్టమని ఆ వారంలోనే నాకు తెలిసింది.

నాలుగో రోజు సాయంత్రం దూది మీద ఆకుపచ్చ మరక చూశాను. చీము ఆ రంగులో ఉండదు. కాడకి చిలుము పట్టింది. బంగారం పూత రెండురోజుల ఉప్పునీళ్ళకే వదిలేసింది, ఆరునెలల గ్యారంటీ మాట దేవుడెరుగు. ఆ దూదిని గుప్పిట్లో నలిపి పెరట్లో కాలవలో పడేశాను. అప్పట్నుంచి వాడిన దూదిని ఎవరికీ కనబడకుండా నేనే పారేసేవాణ్ణి.

ఐదో రోజుకి తమ్మెలు వాచి, వెనక బిగించిన శీలలు మాంసంలోకి దిగిపోయాయి. రసి కారుతోంది, ఒళ్ళు వెచ్చబడింది. బావగారూ నేనూ పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. డాక్టరు గారు చెవి వంచి చూసి, "ఏం పెట్టారండీ చెవులకి? బంగారమేనా?" అన్నారు.

నేను నోరు తెరిచాను. నిజంగానే చెప్పడానికే తెరిచానని ఇన్నేళ్ళూ నన్ను నేను నమ్మించుకుంటూ వచ్చాను. కానీ ఈలోపే బావగారు నా భుజం మీద చెయ్యేశారు.

"బంగారమేనండి. వాళ్ళ మేనమామ పెట్టాడు. నేను పెడతానన్నా ఒప్పుకోలేదండి."

ఆయన గొంతులో వెటకారం లేదు. గర్వంగా చెప్పారు. నన్ను ఏనాడూ లెక్కచెయ్యడని నేను అనుకున్న మనిషి, ఒక పరాయి మనిషి ముందు నన్ను చూపించి గొప్పగా చెప్పుకున్నారు. నేను నోరు మూసుకున్నాను. డాక్టరు గారు సిరప్పు, ఆయింటుమెంటు రాసి, "పిల్లని ముట్టుకోనివ్వకండి, మురికి చేతులతో ముట్టుకుంటేనే ఇలా అవుతుంది" అని పంపేశారు.

ఇక ఇంట్లో నేరమంతా రెండు చోట్లకి పంచేశారు. ఒకటి ఆచారి గారి చెయ్యి. బావగారు అరుగు మీద కూర్చుని, వచ్చిన వాళ్ళందరికీ "ముసలాయనకి చూపు ఆనట్లేదండి, చేతివాసి పోయింది" అని చెప్పడం మొదలుపెట్టారు. పక్కింటి వాళ్ళు తమ పిల్లకి వచ్చే వారం కుట్టించాల్సింది, ఆయన్ని రావద్దని కబురు పంపించారు. రెండోది పిల్ల చేతులు. వంకాయ పెట్టకూడదు, గోంగూర పెట్టకూడదు, మామిడికాయ అసలే వద్దు అని అత్తగారు చెప్పినవన్నీ మానేశారు. అయినా తగ్గకపోయేసరికి, ఇంక అది గిల్లుకుంటోందనే తేల్చారు.

"నేను ముట్టుకోలేదు," అంది పిల్ల.

"ముట్టుకోకపోతే చీమెందుకు పడుద్దే?" అన్నారు అత్తగారు.

"ముట్టుకోలేదు నానమ్మా, ఒట్టు."

అక్క వంటింట్లోంచి వచ్చి పిల్లని రెక్క పట్టుకుని వీపు మీద రెండు వేసింది. "అబద్ధాలొకటా పైగా! ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అంది. అక్క పిల్లని కొట్టగా నేను చూడటం అదే మొదటిసారి. బావగారు అరుగు మీద నుంచి "కొట్టకే పాపం" అన్నారు. నేను హాల్లోనే ఉన్నాను. పేపరు చూస్తున్నాను. ఆ ఇంట్లో పిల్ల చెప్పేది నిజమని తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే అని అనుకున్నాను. అనుకుని, పేపరు తిప్పాను.

తర్వాతి రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్ల నా దగ్గరికొచ్చింది. వాళ్ళ నాన్న చొక్కా మోకాళ్ళకి తగులుతుంటే, చేతిలో తన స్కూలు సాక్సులు రెండూ పట్టుకుని వచ్చింది. నిద్రపోయే వేళ.

"మావయ్యా, నా చేతులకి ఇవి తొడిగి కట్టెయ్యి."

"ఎందుకమ్మా?"

"నేను ముట్టుకోవట్లేదు. కానీ నిద్దర్లో ముట్టుకుంటున్నానేమో. నిద్దర్లో అయితే నాకు తెలీదు కదా." సాక్సులు నా చేతిలో పెట్టి, "గట్టిగా కట్టు. నేను ఊడదియ్యమన్నా తియ్యొద్దు," అంది.

ఒక చేతికి కట్టాను కూడా. ఈ మాట రాయకుండా వదిలేద్దామని చాలాసేపు చూశాను. సాక్సు తొడిగి, దారంతో మణికట్టు దగ్గర ముడి వేసి, రెండో చెయ్యి అందుకున్నాను. అది తన చెయ్యి నా చేతిలో పెట్టి, నేను ముడి బాగా వేస్తున్నానా లేదా అని శ్రద్ధగా చూస్తోంది. ఐదేళ్ళ పిల్ల తన మీద తనే నమ్మకం పోగొట్టుకుంది. నా వల్ల. వేసిన ముడి కూడా విప్పేసి, పడుకో అమ్మా, ఇప్పుడే వస్తాను అని వంటింట్లోకి వెళ్ళాను.

అక్క కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతోంది. తలుపు దగ్గరే నిలబడి చెప్పేశాను. ఎలా చెప్పాలో ముందు అనుకోలేదు కాబట్టి ముక్కలు ముక్కలుగా వచ్చింది. అక్కా, అవి బంగారం కాదు. తెనాల్లో ఒన్ గ్రామ్ షాపులో కొన్నాను. దాని చెవులు అందుకే అలా అయ్యాయి. అది ముట్టుకోలేదు.

అక్క తలెత్తలేదు. ఇంకో కాయ తీసుకుని రెండుగా చీల్చింది.

"తెలుసురా," అంది.

నాకు అర్థం కాలేదు.

"నువ్వు కాలవలో పడేసిన దూది చూశాను. ఇన్నేళ్ళ నుంచి ఇత్తడి బిందెలు తోముతున్నాను, చిలుము నాకు తెలీదంట్రా?"

"ఎప్పుడు చూశావ్?"

"నువ్వు పడేసిన రోజే. డాక్టరు దగ్గరికి వెళ్ళకముందే."

అంటే కొట్టకముందే. నేను లెక్క కట్టుకుంటున్నానని అక్కకి తెలిసింది. కత్తిపీట పక్కకి జరిపి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"మరి తెలిసీ పిల్లనెందుకు కొట్టావే?" అన్నాను.

"ఏం చెయ్యమంటావ్? అది ముట్టుకోలేదని అందరూ నమ్మితే తర్వాత దిద్దుల మీదకి వస్తారు. దిద్దుల మీదకి వస్తే నీ మీదకి వస్తారు." గొంతు తగ్గించి, "ఈ ఇంట్లో నాకు ఇంకెవరున్నార్రా చెప్పుకోడానికి? నువ్వు కూడా గిల్టువాడివేనని వీళ్ళ నోట వినమంటావా?" అంది. అని ఏడ్చింది. దొండకాయల గిన్నె ఒళ్ళోకి లాక్కుని, అందులోకే చూస్తూ ఏడ్చింది.

ఒక్క హాల్లో నలుగురు ఆడవాళ్ళు మెడలు చాపి చూడాలని నేను చేసిన పనికి, నా అక్క తన పిల్లనే కొట్టుకుంది. నాకు ఆ క్షణంలో ఆమె మీద కోపం రావాలి. కొంచెం వచ్చింది కూడా. కానీ అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

"బావగారికి చెప్పేస్తాను," అన్నాను.

"వద్దురా. మెల్లగా తీసేసి, పడట్లేదు అని చెబుదాం. ఆచారికి నేను చెబుతాను."

ఆమె చెప్పింది తెలివైన మాటే. అలా చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అప్పటికి తెలివైన మాటలు విని విని నాకు విసుగొచ్చింది. పైగా ఆచారి గారి చేతివాసి మీద పడ్డ నింద, కుట్టకుండా ఆగిన పక్కింటి పిల్ల చెవులు కూడా అలాగే మిగిలిపోయేవి. అక్క పిలుస్తున్నా వినకుండా సైకిల్ తీసుకుని కొట్టుకి వెళ్ళాను.

బావగారు ఎరువుల బస్తాల మధ్య, చెరుకుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక రైతుతో మాట్లాడుతున్నారు. నా మొహం చూసి ఆయన్ని పంపించేసి, ఏమైందయ్యా, పిల్లకి బానే ఉందా అన్నారు. చెప్పాను. డాక్టరు దగ్గర నోరు మూసుకున్నది కూడా చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది, నేను తిట్లకి సిద్ధపడి వెళ్ళాను.

"అంతలేసి దిద్దులు నిన్నెవరు అడిగారయ్యా?" అన్నారు. "దిద్దులు మేం చేయిస్తామని అన్నది నీకు భారం కాకూడదని. నీ జీతమెంతో నాకు తెలీదా? ఊరికే వచ్చి కూర్చోవయ్యా అంటే నీకు ఎగతాళిలా వినపడిందా?"

అవునండి అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ అక్కకి తెలుసా?"

"తెలియదండి," అన్నాను. నిజం చెప్పడానికి వెళ్ళిన మనిషినే ఆ మాట అన్నాను.

ఆయన కొట్టు మూసేసి, సైకిల్ మీద నన్ను వెనక ఎక్కమని తనే తొక్కారు. తిన్నగా ఆచారి గారింటికి. గుమ్మంలోనే నిలబడి "తప్పు మాటలన్నానండి, మనసులో పెట్టుకోకండి" అన్నారు. ఆచారి గారు నా వైపు చూడను కూడా చూడలేదు. "పసిపిల్ల చెవులండి, పట్టించుకుంటే వారంలో దారికొస్తాయి. పదండి," అని మూట చంకన పెట్టుకున్నారు. దార్లో మాత్రం నాకు మాత్రమే వినపడేలా, "మేనమామ మర్యాద అంతమందిలో ఎలా తీస్తాను బాబూ? అది నా తప్పే అనుకోండి," అన్నారు.

దిద్దులు తియ్యడానికి పావుగంట పట్టింది. శీల మీద మాంసం మూసుకుంది. గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో నానబెట్టి నానబెట్టి, ఆచారి గారు ఒక్కో మర తిప్పుకుంటూ తీశారు. బావగారు కాళ్ళు పట్టుకున్నారు, నేను తల పట్టుకున్నాను. చీమంతా పోయాక, పెరట్లో వేపచెట్టు లేత ఈనెలు రెండు కోసి, శుభ్రంగా కడిగి, నూనె రాసి రెండు చెవుల్లోనూ దూర్చారు. చెవికి మళ్ళీ దిద్దు పడేదాకా దారి మూసుకుపోకుండా అవి కాపలా కాస్తాయన్నారు. ఆ తర్వాత వారానికి వాపు దిగిపోయి, పక్కు కట్టి, ఆ పక్కు కూడా రాలిపోయింది. నేను తెనాలి వెళ్ళి, మొదట చూసిన ఆ సన్న పోగులే కొనుక్కొచ్చాను. హాల్లో ఎవరినీ పిలవలేదు. ఎవరూ మెడలు చాపి చూడలేదు.

కానీ దానికంటే ముందు, దిద్దులు తీసిన రోజు సాయంత్రం జరిగింది ఒకటుంది.

పిల్ల నిద్ర లేచింది. చెవులు తడుముకోబోయి, గుర్తొచ్చి చేతులు వెనక్కి పెట్టుకుంది. అది చూడలేక నేను దాన్ని పెరట్లో అరుగు మీదకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. ఐదేళ్ళ పిల్లకి ఎలా చెప్పాలో అలా చెప్పాను. మావయ్య కొన్న దిద్దులు మంచివి కాదమ్మా. అవి మంచివి కాదని మావయ్యకి తెలుసు. అందుకే నీ చెవులు వాచాయి. నువ్వు ముట్టుకోలేదు. నిద్దర్లో కూడా ముట్టుకోలేదు. తప్పు నాది.

"నిద్దర్లో కూడా ముట్టుకోలేదా?"

"లేదమ్మా."

అది చేతులు రెండూ ముందుకు తెచ్చుకుని, తిప్పి తిప్పి చూసుకుంది. కాసేపటికి అడిగింది.

"మరి అమ్మెందుకు కొట్టింది?"

అప్పటికే అక్క ఉప్పునీళ్ళ గిన్నె పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చింది. పిల్లకి వెనకవైపు. నాకు ఎదురుగా. గిన్నెలోంచి ఆవిరి వస్తోంది. అక్క అక్కడే ఆగిపోయింది.

మధ్యాహ్నం నుంచి ముగ్గురికి నిజం చెప్పాను. నాలుగోసారి నా వల్ల కాలేదు.

"అమ్మకి తెలియదమ్మా," అన్నాను. "అమ్మ కూడా నువ్వే ముట్టుకున్నావనుకుంది."

పిల్ల ఆలోచించింది. తర్వాత నా దగ్గరికి జరిగి, చెవులు తగలకుండా జాగ్రత్తగా తల వంచి, మెల్లగా చెప్పింది.

"అయితే అమ్మకి చెప్పొద్దు మావయ్యా. ఊరికే కొట్టానని తెలిస్తే ఏడుస్తుంది."

చెప్పనులే అన్నాను.